తప్పు చెప్పని ప్రోగ్రాము

పిల్లలూ! ఈ నెల పాఠం నా తప్పుతో మొదలుపెడతాను. మాస్టరు తప్పు చేశాడంటే మీకెంత సంతోషమో నాకు తెలుసు. నవ్వుకోండి, ఫరవాలేదు. కాని తప్పు ఎక్కడ జరిగిందో మాత్రం జాగ్రత్తగా చూడండి.

మా పదో తరగతిలో 43 మంది. అర్ధ సంవత్సర పరీక్షలయ్యాక, సైన్సులో 40 మార్కులకు తక్కువ వచ్చినవాళ్లను సాయంత్రం అదనపు క్లాసుకు కూర్చోబెట్టాలనుకున్నాం. ఆ పేర్లు చేత్తో ఏరి రాస్తే పావుగంట పని. కాని నాకు కంప్యూటరు సరదా ఉంది. సీ భాషలో ఒక చిన్న ప్రోగ్రాము రాసి దానికి 'జాబితా' అని పేరు పెట్టాను. మార్కుల ఫైలు ఇచ్చి, పరిమితి ఎంతో చెబితే అంతకు తక్కువ వచ్చినవాళ్ల పేర్లు అచ్చు వేస్తుంది. దానికి ఆజ్ఞ ఇలా ఇవ్వాలి:

జాబితా -పి 40 మార్కులు

పి అంటే పరిమితి. (ఇక్కడ తెలుగులో రాస్తున్నాం గాని, కీబోర్డు మీద ఇంగ్లీషు చిన్నబడి అక్షరాలే కొట్టాలి సుమా.)

జాబితా అచ్చయి వచ్చింది. అందులో రెండే పేర్లు. ఇద్దరూ జ్వరమొచ్చి పరీక్షకే రానివాళ్లు, అంటే సున్నా మార్కుల వాళ్లు. "వెనకబడ్డది ఇద్దరేనా! క్లాసు బాగుపడిందండోయ్" అని లెక్కల మాస్టారు నా భుజం తట్టారు. నేనూ కాస్త పొంగాను. కాగితం నోటీసు బోర్డు మీద అంటించాం. పది రోజులు గడిచాయి. ఒక సాయంత్రం మా క్లాసు అమ్మాయి ఒకామె తండ్రి, ఆటో నడుపుకునే ఆయన, గేటు దగ్గర నన్ను ఆపి, "మాస్టారూ, మా పిల్లకి ముప్పై ఆరే వచ్చాయి గదండీ. సాయంత్రం క్లాసుకి పిలవలేదేం? ఇంక లాభం లేదని వదిలేశారా?" అని అడిగాడు.

నాకు నోట మాట రాలేదు. లోపలికి వెళ్లి మార్కుల పుస్తకం తీసి చేత్తో లెక్కపెట్టాను. 40కి తక్కువ వచ్చినవాళ్లు పదకొండు మంది! తొమ్మిది మంది పిల్లలు పది రోజుల క్లాసులు పోగొట్టుకున్నారు.

కంప్యూటరు మనం ఇచ్చిన పాత ఆజ్ఞలను దాచి ఉంచుతుంది. పైకి బాణం ఉన్న మీట నొక్కుతూ పోతే అవి ఒకటొకటే కనబడతాయి. ఆ రోజు నేను కొట్టిన వరుస దొరికింది. 40 అని కొట్టాననుకున్నాను. నిజానికి కొట్టింది నాలుగు అంకె, దాని పక్కన ఇంగ్లీషు అక్షరం ఓ. కీబోర్డు మీద సున్నాకు కాస్త కిందనే ఓ ఉంటుంది. వేలు జారింది. నా కళ్లద్దాల్లోంచి చూస్తే రెండూ ఒకటే.

వేలు జారడం అందరికీ జరిగేదే. నన్ను కలవరపెట్టింది అది కాదు. "ఇదేమిటయ్యా, ఇది అంకె కాదే" అని ప్రోగ్రాము ఒక్క మాటైనా అనలేదు. ఆ 'నాలుగు-ఓ'ను 4 అని చదువుకుని, నాలుగు మార్కులకు తక్కువ వచ్చినవాళ్లను ఏరి, తనకేమీ పట్టనట్టు జాబితా చేతిలో పెట్టింది. మరి అలా ఎందుకు చేసింది? దాన్ని రాసింది నేనే గనక!

ప్రోగ్రాముకు అందేదేమిటి?

హోటల్లో సర్వరుతో మనం ఎలా చెబుతాం? "ఒక దోశ, ఉల్లిపాయ లేకుండా, పార్సిలు." దోశ మనకు కావలసిన వస్తువు. మిగతావి అది ఎలా కావాలో చెప్పే మాటలు. కంప్యూటరుకు ఇచ్చే ఆజ్ఞ కూడా ఇటువంటిదే. ఫైలు పేరు దోశ వంటిది. ఎలా చెయ్యాలో చెప్పే మాటలను ఆప్షన్లు అంటారు. ఏది దోశో ఏది ఆప్షనో తెలియడానికి ఆప్షనుకు ముందు చిన్న అడ్డగీత పెట్టడం యునిక్సు లోకంలో స్థిరపడిన ఆచారం. యునిక్సు 1969లో అమెరికాలోని బెల్ లేబొరేటరీలో పుట్టింది. సీ భాషను కూడా అక్కడే, 1972 ప్రాంతంలో డెన్నిస్ రిచీ తయారుచేశాడు. రిచీ, బ్రయాన్ కెర్నిహాన్ కలిసి 1978లో సీ భాష మీద రాసిన పుస్తకంలోనే ఈ ఆప్షన్లు చదివే పద్ధతికి ఒక భాగం కేటాయించారు.

మనం కొట్టిన వరుస నేరుగా ప్రోగ్రాముకు చేరదు. మధ్యలో 'షెల్' అనే దళారి ఉంటాడు. ఖాళీ ఉన్న చోటల్లా అతను వరుసను ముక్కలు చేస్తాడు. మన వరుస నాలుగు ముక్కలవుతుంది. సీ ప్రోగ్రాములో 'మెయిన్' అనే ప్రధాన భాగానికి రెండు వస్తువులు అందుతాయి. ఒకటి 'ఆర్గ్‌సి', అంటే ముక్కలు ఎన్నో చెప్పే లెక్క. ఇక్కడ అది 4. రెండోది 'ఆర్గ్‌వి', అంటే ఆ ముక్కల వరుస. సీ భాషలో లెక్కపెట్టడం సున్నా నుంచి మొదలవుతుంది. సున్నాలో ప్రోగ్రాము పేరు 'జాబితా', ఒకటిలో '-పి', రెండులో '40', మూడులో 'మార్కులు' ఉంటాయి. నాలుగో గది ఖాళీ అన్న గుర్తు. ప్రోగ్రాముకు తన పేరు కూడా అందుతుందని గమనించారా? ఆ పేరుతో తరవాత పనుంది.

దళారి ఖాళీని చూసి ముక్కలు చేస్తాడని చెప్పాను గదా. ఒక్క ఖాళీ ఎంత పని చేస్తుందో చూడండి. 2011లో బంబుల్‌బీ అనే లినక్సు ప్రోగ్రామును యంత్రంలో దించే ఆజ్ఞల వరుసలో ఒక ఫైలు దారిని చెరిపెయ్యమని ఉండాలి. ఆ దారి మధ్యలో పొరపాటున ఒక ఖాళీ పడింది. చెరిపే ప్రోగ్రాముకు ఒక ముక్క బదులు రెండు అందాయి. మొదటి ముక్క 'యుఎస్ఆర్' అనే డైరెక్టరీ. లినక్సులో ప్రోగ్రాములన్నీ దాదాపు అందులోనే ఉంటాయి. దించుకున్నవాళ్ల యంత్రాల్లో అది కాస్తా తుడిచిపెట్టుకుపోయింది. చెరిపే ప్రోగ్రాము తప్పేమీ లేదు, చీటీలో ఉన్నట్టే చేసింది.

పేరు మధ్యలో ఖాళీ ఉన్న ఫైలును అందించాలంటే పేరుకు అటూ ఇటూ కొటేషన్ గుర్తులు పెట్టాలి. అప్పుడు దళారి దాన్ని విరవడు.

అక్షరాల 40, అంకెల 40

ఇప్పుడు నా తప్పు దగ్గరికి వద్దాం. ఆర్గ్‌వి రెండో గదిలో ఉన్న '40' సంఖ్య కాదు. అది రెండు అక్షరాల బొమ్మ. కంప్యూటరు లోపల ప్రతి అక్షరానికీ ఒక సంకేత సంఖ్య ఉంటుంది. '4' అనే అక్షరానికి 52, '0' అనే అక్షరానికి 48. వాటి తరవాత మాట ముగిసిందని తెలిపే సున్నా. దీన్ని సంఖ్యగా మార్చాలంటే ఒక్కొక్క సంకేతంలోంచి 48 తీసెయ్యాలి. 52లో 48 పోతే 4. దాన్ని పదితో గుణించి, తరవాతి అంకె కలపాలి. 48లో 48 పోతే సున్నా. మొత్తం 40. ఒకటో తరగతిలో పదుల స్థానం, ఒకట్ల స్థానం అని నేర్చుకున్నదే!

చిన్నబడి ఓ సంకేతం 111. ఇప్పుడు ఏమీ చూసుకోకుండా అదే లెక్క వెయ్యండి. 111లో 48 పోతే 63. నాలుగు పదులకు 63 కలిపితే 103. నూటికి నూట మూడు! అలా వచ్చి ఉంటే క్లాసంతా జాబితాలోకెక్కి, నేను వెంటనే పట్టుకునేవాణ్ణి.

నేను ఆ లెక్క స్వయంగా రాయలేదు. సీ భాషతో వచ్చే 'ఎ టు ఐ' అనే సిద్ధంగా ఉన్న సాధనం వాడాను. అక్షరాల నుంచి పూర్ణాంకానికి అని దాని అర్థం. అది మంచిదే గాని మొహమాటస్తురాలు. అంకెలు ఉన్నంతవరకు చదువుతుంది. అంకె కానిది తగలగానే ఆగి, అప్పటిదాకా చదివింది ఇచ్చేస్తుంది. అందుకే 4 వచ్చింది. 'నలభై' అని మాటల్లో ఇస్తే మొదటి అక్షరం దగ్గరే ఆగి సున్నా ఇస్తుంది. మరి నిజంగానే '0' అని ఇస్తే? అప్పుడూ సున్నాయే! తప్పు జరిగి సున్నా వచ్చిందో, అడిగింది సున్నాయో దాన్ని పిలిచినవాడికి తెలిసే దారే లేదు. బయటివాళ్లు కొట్టే మాటను చదవడానికి దీన్ని వాడకూడదని నా అభిప్రాయం. ఇప్పటికీ ఎన్నో పాఠ్యపుస్తకాల్లో ఇదే కనబడుతుంది.

దీనికి బదులు ఇంకొకటుంది. ఎస్, టి, ఆర్, టి, ఓ, ఎల్ అని ఆరక్షరాల పేరు. 'స్ట్ర్‌టోల్' అని పలుకుదాం, నోరు తిరక్కపోతే నా పూచీ కాదు. దీనికి మూడు ఇవ్వాలి: చదవవలసిన మాట, ఎక్కడ ఆగిందో గుర్తు పెట్టడానికి ఒక చోటు, ఎన్నింటి స్థానాల లెక్కో చెప్పే సంఖ్య. ఆ రెండోదే మనకు ప్రాణం. చదవడం ఆపిన చోట అది వేలు పెట్టి చూపిస్తుంది. వేలు మాట మొదట్లోనే ఉందంటే ఒక్క అంకె కూడా దొరకలేదన్నమాట. వేలు చివరి సున్నా మీద లేదంటే వెనక చెత్త మిగిలిందన్నమాట. నా 'నాలుగు-ఓ' ఇక్కడ దొరికిపోయేది.

మూడోచోట 10 అనే రాయండి. సున్నా రాస్తే అది తెలివి చూపించబోతుంది: ముందు సున్నా ఉన్న సంఖ్యను ఎనిమిదుల లెక్కలో చదువుతుంది. అప్పుడు '040' అంటే 32! హాజరు నంబర్లకు ముందు సున్నాలు పెట్టే అలవాటు మనకుంది గదా, జాగ్రత్త.

మరీ పెద్ద సంఖ్య ఇస్తే? పట్టినంత పెద్ద సంఖ్య ఇచ్చి, 'ఎర్ర్‌నో' అనే చోట 'హద్దు దాటింది' అని రాసిపెడుతుంది. పిలిచే ముందు ఎర్ర్‌నోను మనం సున్నా చేసుకుని ఉండాలి. ఇక మైనస్ 5 అని ఇస్తే కిమ్మనకుండా చదువుతుంది, మైనస్ 5 కూడా సంఖ్యే గనక. మార్కులు సున్నాకూ నూటికీ మధ్య ఉండాలన్నది మన లోకజ్ఞానం, దానికి లేదు. ఆ పరీక్ష మనమే రాసుకోవాలి. ౪౦ అని మన తెలుగు అంకెల్లో ఇస్తే అంకెలే లేవంటుంది. అందుకు బాధపడక్కర్లేదు, లేవని చెబుతోంది గదా!

ఆప్షన్లు ఏరే పనిమనిషి

మొదట్లో నేను ఆప్షన్లను చేత్తోనే ఏరుకున్నాను. ఒకటో గదిలో '-పి' ఉందా, ఉంటే రెండో గదిలో పరిమితి, మూడో గదిలో ఫైలు. ఇది కచ్చితంగా ఆ వరుసలో కొడితేనే పనిచేస్తుంది. రెండో ఆప్షను, మూడో ఆప్షను వచ్చేసరికి వంటింట్లో డబ్బాలు కలిసిపోయినట్టవుతుంది. కొందరు '-పి 40' అని విడగొట్టి కొడతారు, కొందరు '-పి40' అని కలిపి కొడతారు. రెండూ ఆచారంలో ఉన్నవే.

ఈ చాకిరీకి 'గెట్‌ఆప్ట్' అనే పనిమనిషి ఉంది. ఏటీ అండ్ టీ వాళ్లు తమ సొంత యునిక్సులో వాడుకుంటూ, 1985లో డల్లాసులో జరిగిన ఒక సదస్సులో దాన్ని అందరి వాడకానికీ ఇచ్చేశారు. అంతకుముందు ఒక్కొక్క ప్రోగ్రాము ఆప్షన్లను ఒక్కొక్క రకంగా చదివేది.

గెట్‌ఆప్ట్‌కు ముందుగా ఒక చిన్న చీటీ ఇస్తాం: మనకు తెలిసిన ఆప్షన్ల అక్షరాలు. జాబితా ప్రోగ్రాముకు పి కాక, పేర్లను తిరగేసి అచ్చు వెయ్యమనే ఆర్, సహాయం చూపమనే హెచ్ ఉన్నాయనుకోండి. చీటీలో పి, దాని పక్కన రెండు చుక్కలు, తరవాత ఆర్, హెచ్ రాస్తాం. రెండు చుక్కలంటే 'ఈ ఆప్షను వెనక ఒక విలువ ఉండాలి' అని అర్థం. ఇక గెట్‌ఆప్ట్‌ను మళ్లీ మళ్లీ పిలుస్తాం. పిలిచినప్పుడల్లా ఒక ఆప్షను అక్షరం తెచ్చి ఇస్తుంది. విలువ ఉంటే 'ఆప్ట్‌ఆర్గ్' అనే చోట పెడుతుంది. అన్నీ అయిపోతే మైనస్ 1 ఇస్తుంది. అప్పుడు ఫైలు పేర్లు ఏ గది నుంచి మొదలవుతాయో 'ఆప్ట్‌ఇండ్' అనే చోట చూసుకోవచ్చు. చీటీలో లేని అక్షరం తగిలితే ప్రశ్న గుర్తు ఇస్తుంది. ఆ తప్పు అక్షరం ఏదో 'ఆప్ట్‌ఆప్ట్'లో ఉంటుంది.

ఇక్కడొక గోతిని చూపిస్తాను. గెట్‌ఆప్ట్ ఇచ్చినదాన్ని పూర్ణాంకాల పెట్టెలోనే పట్టుకోవాలి, అక్షరాల పెట్టెలో కాదు. కొన్ని యంత్రాల్లో అక్షరాల పెట్టెలో మైనస్ సంఖ్యలు పట్టవు. రాస్‌ప్బెరీ పై వంటి చిన్న కంప్యూటర్లు అలాంటివి. అక్కడ మైనస్ 1 కాస్తా 255 అయి కూర్చుంటుంది. 'మైనస్ 1 వచ్చేదాకా తిరుగు' అన్న లూపుకు ఆ మైనస్ 1 ఎప్పటికీ రాదు. మన బల్ల మీది కంప్యూటరులో చక్కగా నడిచిన ప్రోగ్రాము అక్కడికి వెళ్లి పిచ్చెత్తుతుంది.

ఇంకొకటి. పి పక్కన విలువ మరిచిపోయి 'జాబితా -పి -ఆర్ మార్కులు' అని కొట్టామనుకోండి. పి వెనక విలువ ఉండాలని చీటీలో ఉంది. గెట్‌ఆప్ట్ మరేమీ ఆలోచించదు. పక్కనున్న '-ఆర్'నే పరిమితి అనుకుని తెచ్చి మన చేతిలో పెడుతుంది. ఫిర్యాదు చెయ్యదు. ఇప్పుడు స్ట్ర్‌టోల్ పరీక్ష లేకపోతే? ఎ టు ఐ దాన్ని సున్నా అంటుంది, సున్నాకు తక్కువ ఎవరికీ రావు, జాబితా ఖాళీ. క్లాసంతా తెలివైనవాళ్లే! పరీక్ష ఉంటే '-ఆర్ అంకె కాదు' అని అక్కడే ఆగుతుంది. గెట్‌ఆప్ట్ ఉంది గదా అని రెండో పరీక్ష మానేస్తే నడవదన్నమాట.

మరి ఫైలు పేరే అడ్డగీతతో మొదలైతే? ఎవరైనా పొరపాటున '-ఆర్' అనే పేరుతో ఫైలు తయారుచేశారనుకోండి. దాన్ని ఏ ప్రోగ్రాముకిచ్చినా ఆప్షను అనుకుంటుంది. అందుకని ఒక ఒప్పందం ఉంది: రెండు అడ్డగీతలు మాత్రమే ఉన్న ముక్క కనబడితే 'ఆప్షన్లు ఇంతటితో సరి, ఇక వచ్చేవన్నీ ఫైళ్లే' అని అర్థం. గెట్‌ఆప్ట్‌కు ఈ ఒప్పందం తెలుసు.

మా క్లాసులో ఒక కుర్రాడు, "పరిమితికి తెలుగు 'ప'నే ఆప్షనుగా పెట్టుకోకూడదా, మాస్టారూ?" అన్నాడు. మంచి ప్రశ్న. గెట్‌ఆప్ట్ ఒక్కో బైటును ఒక్కో ఆప్షను అనుకుంటుంది. నేడు వాడుకలో ఉన్న యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరానికి మూడు బైట్లు కావాలి. '-ప' అని కొట్టి చూశాం. మా బడిలోని లినక్సు యంత్రం మూడు తెలియని ఆప్షన్లు ఇచ్చారని మూడుసార్లు గోల పెట్టింది! కాని పొడుగు ఆప్షన్లని ఉన్నాయి, రెండు అడ్డగీతలతో మొదలై పూర్తి మాటగా ఉండేవి. 'గెట్‌ఆప్ట్ లాంగ్' వాటిని మాటకు మాట పోల్చి చూస్తుంది. '--పరిమితి' అని అచ్చ తెలుగులో పెట్టాం. చక్కగా పనిచేసింది. కుర్రాడి మొహం చూడాలి!

తప్పు ఎక్కడ చెప్పాలి?

ప్రోగ్రాము తప్పు కనిపెట్టింది. సరే, ఎవరితో చెప్పాలి? ఇది చిన్న ప్రశ్నలా కనబడుతుంది గాని, దీని వెనక ఒక సరదా కథ ఉంది.

1970ల్లో బెల్ లేబొరేటరీలో అక్షరాలను ఫోటో కాగితం మీద కాంతితో అచ్చుకొట్టే యంత్రం ఒకటుండేది. అచ్చయిన పొడుగాటి కాగితాన్ని ఘాటైన వాసన కొట్టే రసాయనాల యంత్రంలో పెట్టి కడగాలి. కొన్ని నిమిషాలు వేచి ఉంటే గాని అక్షరాలు కనబడవు. స్టీఫెన్ జాన్సన్ అనే ఆయన అక్కడ పనిచేసేవాడు. ఆయన చెప్పిన కథ ఇది. ఒక మధ్యాహ్నం చాలామందికి ఒకే అనుభవం ఎదురైంది. ఓపికగా కాగితం కడిగి తీసి చూస్తే, దాని మీద అందమైన అచ్చు అక్షరాల్లో ఒకే ఒక్క వరుస: ఫలానా ఫైలు తెరవలేకపోయాను అని! ఆ రోజుల్లో ఫలితమూ తప్పు మాటా ఒకే గొట్టంలోంచి వెళ్లేవి. ఫలితాన్ని అచ్చు యంత్రానికి మళ్లిస్తే తప్పు మాట కూడా అటే పోయేది. ఆ తరవాత కొద్ది రోజులకే తప్పుల కోసం వేరే గొట్టం పెట్టారు.

ఆనాటి నుంచీ ప్రతి ప్రోగ్రాముకూ మూడు గొట్టాలు. 0 నంబరుది లోపలికి, 1 ఫలితానికి, 2 తప్పు మాటలకు. ఈ రెండో నంబరు గొట్టమే 'ఎస్‌టీడీ ఎర్ర్'. ఫలితాన్ని ఫైలులోకి మళ్లించినా ఇది తెర మీదే మాట్లాడుతుంది. పైగా ఫలితం మాటలు కొంతసేపు పోగుపడి ఒక్కసారిగా వెళితే, దీని మాటలు ఆలస్యం లేకుండా వెళ్లిపోతాయి. ప్రోగ్రాము నడుమ కూలినా చివరి మాట దక్కుతుంది.

ఏం చెప్పాలి?

యునిక్సు తొలి రోజుల్లో కెన్ థాంప్సన్ రాసిన 'ఎడ్' అనే ఎడిటరు ఉంది. ఏ తప్పు చేసినా అది తెర మీద ఒక్క ప్రశ్న గుర్తు వేసి ఊరుకునేది. తెలిసినవాడికి అదే చాలు, తెలియనివాడు తల బాదుకోవాలి. అంత పొదుపు మనకొద్దు.

మంచి తప్పు మాటలో నాలుగు సంగతులుండాలని నేననుకుంటాను. ఎవరు మాట్లాడుతున్నారు, దేని గురించి, ఏమైంది, ఏమిటి కారణం. అనేక ప్రోగ్రాములు కలిసి నడుస్తున్నప్పుడు 'ఫైలు తెరవలేదు' అని తెర మీద పడితే ఎవరన్నారో తెలియదు. అందుకే ఆర్గ్‌వి సున్నాలో ఉన్న పేరు ముందు వెయ్యాలి. ఇప్పుడు నా ప్రోగ్రాము అనే మాట ఇది:

జాబితా: -పి కి 0 నుంచి 100 లోపు సంఖ్య కావాలి, '4o' సంఖ్య కాదు

ఇచ్చినదాన్ని కొటేషన్ల మధ్య తిరిగి చూపడం మరిచిపోకండి. వేలు జారిన సంగతి అక్కడే కళ్లకు కడుతుంది.

ఫైళ్ల విషయంలో కారణం యంత్రానికే తెలుసు. ఫైలు తెరవలేకపోతే ఎర్ర్‌నోలో ఒక సంఖ్య ఉంటుంది. లినక్సులో 2 అంటే అలాంటి ఫైలు లేదు. 13 అంటే ఉంది గాని మీకు అనుమతి లేదు. 28 అంటే డిస్కులో చోటు లేదు. 'పెర్రర్' అనే సాధనం ఆ సంఖ్యను మాటల్లోకి మార్చి రెండో గొట్టంలో వేస్తుంది. ఫైలు లేదనడానికీ అనుమతి లేదనడానికీ ఎంత తేడా! మొదటిదానికి పేరు సరిచూసుకోవాలి, రెండోదానికి ఫైలు యజమానిని అడగాలి. 'ఏదో తప్పు జరిగింది' అని ఊరుకుంటే ఏ తలుపు తట్టాలో ఎవరికి తెలుస్తుంది?

అయితే ఎర్ర్‌నోను ఎప్పుడు పడితే అప్పుడు నమ్మకూడదు. పని విఫలమైందని తెలిశాకే, వెంటనే, మరో సాధనాన్ని పిలవక ముందే చూడాలి. సఫలమైతే దాన్ని ఎవరూ తుడవరు. పాత సంఖ్య అలాగే పడి ఉంటుంది. యునిక్సులో 25వ తప్పుకు 'ఇది టైపురైటరు కాదు' అని చిత్రమైన అర్థం ఉండేది, టెలిటైపు యంత్రాల నాటి మాట. ఏ సంబంధమూ లేని చోట ఈ మాట తెర మీద ప్రత్యక్షమై చాలామందిని బెదరగొట్టింది. ఫలితం వెళ్లేది తెరకా ఫైలుకా అని లోపల ఒక సాధనం తెలుసుకోబోయి, తెర కాదని గ్రహించి తన పని తాను చేసుకుంటుంది. ఎర్ర్‌నోలో 25 మిగిలిపోతుంది. తరవాత ఎవరో తొందరపాటు మనిషి దాన్ని చదివి అచ్చు వేస్తాడు!

తెరవడంతో అయిపోలేదు. రాసిన ఫలితం పూర్తిగా వెళ్లిందా అని ముగించే ముందు చూసుకోవాలి. మాటలు పోగుపడి వెళతాయన్నాను గదా. డిస్కు నిండిన సంగతి ఆఖరున గొట్టం మూసేటప్పుడు బయటపడవచ్చు. అక్కడ చూడని ప్రోగ్రాము సగం జాబితా రాసి పూర్తి చేశానంటుంది.

ఆఖరి మాట ఒక సంఖ్య

ప్రోగ్రాము ముగిసేటప్పుడు తన్ను పిలిచినవారికి ఒక చిన్న సంఖ్య ఇచ్చి పోతుంది. సున్నా అంటే క్షేమం, మరేదైనా అంటే కాదు. మనుషులు తెర చదువుతారు, మరో ప్రోగ్రాము పిలిచి ఉంటే అది ఈ సంఖ్యనే చూస్తుంది. ఫైళ్లలో మాటలు వెదికే 'గ్రెప్' మూడు రకాలుగా చెబుతుంది: దొరికితే 0, దొరక్కపోతే 1, వెదకడంలోనే తప్పు వస్తే 2. 'వెనకబడ్డవాళ్లు లేరు' అన్నదానికీ 'మార్కులు చదవలేకపోయాను' అన్నదానికీ ఉన్న తేడా ఇదే. ఆ రెండూ కలిసిపోబట్టే గదా నా కథ జరిగింది.

ఈ సంఖ్యకు ఎనిమిది బిట్ల చోటే ఉంది, అంటే 0 నుంచి 255 దాకా. ఎన్ని తప్పులు జరిగితే అంత సంఖ్య ఇద్దామని తెలివిగా అనుకున్నారో, సరిగ్గా 256 తప్పులు చేసిననాడు సున్నా అవుతుంది. క్షేమమట!

మీ బడిలో లినక్సు యంత్రం ఉంటే కొన్ని చేసి చూడండి. ఏదైనా ఆజ్ఞ అయ్యాక 'ఎకో' అని కొట్టి, ఖాళీ వదిలి, డాలరు గుర్తు, దాని పక్కనే ప్రశ్న గుర్తు కొడితే ఆఖరి సంఖ్య కనబడుతుంది. లేని ఫైలు పేరు ఇచ్చి ఫలితాన్ని ఫైలులోకి మళ్లించండి, తప్పు మాట ఎక్కడ పడిందో చూడండి. లినక్సులో 'డెవ్' డైరెక్టరీలో 'ఫుల్' అనే ఉత్తుత్తి ఫైలుంది. అది ఎప్పుడూ నిండిన డిస్కులా నటిస్తుంది. మీ ప్రోగ్రాము ఫలితాన్ని అందులోకి మళ్లించండి. మీ ప్రోగ్రాము ఏమైనా అంటుందా, లేక అంతా రాసేశానని సున్నా ఇచ్చి పోతుందా? నాది మొదటిసారి సున్నాయే ఇచ్చింది.

ఆ తొమ్మిది మందికీ ఆదివారాలు క్లాసు పెట్టి పాఠాలు పూర్తి చేశాను. సరిచేసిన 'జాబితా' నడిపిన రోజున ఆ అమ్మాయి చేతనే కీబోర్డు మీద కొట్టించాను. ఆమె కావాలనే నాలుగు పక్కన ఓ కొట్టి, ఎంటర్ నొక్కి, నా వంక చూసింది.